నిలువనీడ లేని బతుకులకు కళే అద్దం

- నాటకం, సినిమా, కెమెరా సాధనాలుగా నిరాశ్రయుల గోడు
- చూపించడంతో ఆగితే చప్పట్లే.. అడగడం నేర్పితేనే ఆశ్రయం

నగరంలో ప్రతి కూడలిలోనూ ఉంటారు. అయినా ఎవరి కంటికీ ఆనరు. ఫుట్‌పాత్‌లపైనా, వంతెనల కిందా, రైల్వే ప్లాట్‌ఫారాలపైనా, మూసిన దుకాణాల అరుగులపైనా రాత్రులు వెళ్లదీసే నిరాశ్రయుల పరిస్థితి ఇది. వీరి గోడును సమాజం దృష్టికి తెచ్చేందుకు నాటకం, సినిమా, ఛాయాచిత్రం, కుడ్యచిత్రం ఎన్నో దేశాల్లో సాధనాలయ్యాయి. కొన్నిచోట్ల ఆ ప్రయత్నం చట్టం దాకా వెళ్లింది. మరికొన్నిచోట్ల జాలితోనూ, చప్పట్లతోనూ ఆగిపోయింది. ఈ తేడా ఎక్కడ వస్తోంది? గూడు లేనివారి విషయంలో కళ ఏం చేయగలదు, ఏం చేయలేదు? గత అనుభవాలు చెబుతున్న పాఠాలపై ప్రత్యేక కథనం.

లెక్కకు అందని జనం

ఇంటి గోడల మధ్య కాక రోడ్ల పక్కన, ఫుట్‌పాత్‌లపై, సిమెంటు గొట్టాల్లో, వంతెనల కింద, మెట్ల కింద, ప్రార్థనాలయాల ఆవరణల్లో, రైల్వే ప్లాట్‌ఫారాలపై ఆరుబయట నివసించేవారిని జనగణనలో ఇల్లు లేనివారిగా నమోదు చేస్తారు. 2011 జనగణనలో వీరిని లెక్కించేందుకు ఫిబ్రవరి 28 రాత్రిని ప్రత్యేకంగా కేటాయించారు. ఆ లెక్క ప్రకారం దేశంలో నిరాశ్రయులు 17.73 లక్షల మంది. 2001లో ఈ సంఖ్య 19.43 లక్షలు. మొత్తం మీద తగ్గుదల కనిపించినా పట్టణాల్లో మాత్రం 7.78 లక్షల నుంచి 9.38 లక్షలకు పెరిగింది. నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 1.45 లక్షల మందికి నిలువనీడ లేదని తేలింది.

ఒక్క రాత్రిలో జరిగే ఈ లెక్కింపులో అందరూ చేరతారని చెప్పలేం. నిరాశ్రయులు ఒకేచోట ఉండరు. వాన పడితే ఒక చోటికి, పోలీసులు లేపితే మరో చోటికి మారుతుంటారు. రాత్రి పూట మార్కెట్‌లో మూటలు మోసేవారు, హోటళ్లలో గిన్నెలు కడిగేవారు లెక్కించే సమయానికి పనిలో ఉంటారు. తలుపు తట్టడానికి తలుపే లేని మనిషిని వెతికి పట్టుకోవడం గణకులకు కష్టసాధ్యం. లెక్కలో లేనివారికి పథకాల్లోనూ చోటు దక్కదు. నిరాశ్రయుల సమస్యలో తొలి చిక్కు పేదరికం కాదు, కనిపించకపోవడం. కళకు పని పడేది సరిగ్గా ఇక్కడే.

బెంగాల్ కరవు నుంచే మొదలు

మన దేశంలో ఈ ప్రయత్నానికి ఎనిమిది దశాబ్దాల చరిత్ర ఉంది. 1943 నాటి బెంగాల్ కరవులో పల్లెలు విడిచిన రైతు కుటుంబాలు గంజి కోసం కలకత్తా వీధుల్లో పడిగాపులు పడ్డాయి. చిత్తప్రసాద్ భట్టాచార్య కరవు ప్రాంతాల్లో తిరిగి, నల్లసిరాతో బొమ్మలు గీసి ‘హంగ్రీ బెంగాల్’ పేరిట వెలువరించారు. బ్రిటిష్ ప్రభుత్వం ఆ పుస్తకం ప్రతులను స్వాధీనం చేసుకుని తగులబెట్టించింది. ఒక బొమ్మల పుస్తకానికి పాలకులు అంతగా కలవరపడ్డారంటే ఆ రేఖలకు ఉన్న బలం ఎంతటిదో ఊహించుకోవచ్చు.

మరుసటి ఏడాది 1944లో భారతీయ ప్రజా నాట్య సంఘం (ఇప్టా) బిజన్ భట్టాచార్య రచించిన ‘నవాన్న’ నాటకాన్ని ప్రదర్శించింది. కరవుకు ఊరు విడిచి నగర వీధుల పాలైన రైతు కుటుంబమే ఇందులో కథా వస్తువు. నాటకశాలకు వచ్చిన ప్రేక్షకుడు దారిలో ఎవరిని తప్పించుకుని వచ్చాడో వారినే వేదికపై పేరు, ఊరు, బంధువులు ఉన్న మనుషులుగా చూడవలసి వచ్చింది. ‘బిచ్చగాడు’ అనే ఒక్క మాట వెనుక ఒక రైతు ఉన్నాడని ఆ ప్రదర్శన చెప్పింది. నిరాశ్రయులపై వచ్చిన మంచి కళాఖండాలన్నీ తర్వాతి కాలంలో చేసిన పని కూడా ఇదే. మనిషి వీధిలో ఉన్న స్థితిని మాత్రమే కాక, వీధికి చేరిన దారిని చూపించాయి.

ఒక్క రాత్రి.. కోటీ ఇరవై లక్షల మంది

ఈ విషయంలో ప్రపంచమంతా చెప్పుకొనే ఉదాహరణ బ్రిటన్‌కు చెందినది. 1966 నవంబరు 16 రాత్రి బీబీసీ టెలివిజన్‌లో ‘కేథీ కమ్ హోమ్’ అనే నాటకం ప్రసారమైంది. రచన జెరెమీ శాండ్‌ఫర్డ్, దర్శకత్వం కెన్ లోచ్. దాదాపు కోటీ 20 లక్షల మంది చూశారు. అది నాటి బ్రిటన్ జనాభాలో నాలుగో వంతు.

కథ సాదాసీదా. లారీ నడిపే భర్త, భార్య, చక్కని అద్దె ఇల్లు. పనిలో ప్రమాదం జరిగి భర్త ఉద్యోగం పోతుంది. అక్కడి నుంచి మెట్టు మెట్టుగా పతనం. అత్తవారి ఇరుకు ఇల్లు, తర్వాత చక్రాల బండిలో కాపురం, ఆపై పాడుబడిన ఇల్లు, చివరకు అత్యవసర వసతి గృహం. భర్తలను రానివ్వకూడదన్నది ఆ వసతి గృహం నిబంధన. చివరి ఘట్టంలో రైల్వే స్టేషన్‌లో తల్లి ఒడి నుంచి పిల్లలను అధికారులు లాక్కుపోతారు. తాగుడు, సోమరితనం వంటి దోషాలేవీ ఆ దంపతులలో లేవు. ఒక్క ప్రమాదం, ఇంటి అద్దెలు, కఠిన నిబంధనలు కలిస్తే ఏ కుటుంబమైనా వీధిన పడుతుందని ప్రేక్షకులు గుర్తించారు. వార్తాచిత్రంలా వీధుల్లోనూ, నిజమైన ఇళ్లలోనూ చిత్రీకరించడంతో కథ కాక నిజమే చూస్తున్నామన్న భావన కలిగింది.

తర్వాత జరిగినదే ముఖ్యం. ఇళ్లు లేనివారి కోసం అప్పటికే సన్నాహాల్లో ఉన్న ‘షెల్టర్’ అనే సంస్థ 1966 డిసెంబరు 1న, అంటే ప్రసారమైన పక్షం రోజులకే ప్రారంభమైంది. ప్రజల్లో రగిలిన ఆవేదన ఆ సంస్థకు అండగా మారింది. 1967లో ‘క్రైసిస్’ అనే మరో సంస్థ పుట్టింది. వసతి గృహాల్లో కుటుంబంతో పాటు తండ్రి కూడా ఉండేలా నిబంధనలు మారాయి. పిల్లలున్న కుటుంబాల వంటి వర్గాలకు వసతి చూపే బాధ్యతను స్థానిక సంస్థలపై మోపుతూ 1977లో చట్టం వచ్చింది.

అయితే నాటకం తర్వాత పదకొండేళ్లకు గానీ చట్టం రాలేదు. ఆ మధ్య కాలంలో సంస్థలు లెక్కలు సేకరించాయి, కేసులు పట్టించుకున్నాయి, చట్టసభ సభ్యులను ఒప్పించాయి. నిబంధనల్లో ఆ మార్పు మినహా తన నాటకం ఆచరణలో నిరాశ్రయత్వాన్ని పెద్దగా తగ్గించలేదని లోచ్ స్వయంగా అంగీకరించారు. కళ తలుపు తెరుస్తుంది. లోపలికి నడవవలసింది సంఘటిత ప్రజలే అన్నది ఈ ఉదంతం సారాంశం.

కెమెరాను నిలదీసిన తల్లి

మన దేశంలో ఇటువంటి ఘట్టానికి 1980 దశకంలో బొంబాయి వేదికైంది. ఫుట్‌పాత్ వాసులను ఖాళీ చేయించి సొంత ఊళ్లకు పంపేయాలని 1981 జులైలో మహారాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించింది. పాత్రికేయురాలు ఓల్గా టెల్లిస్ తదితరులు దీనిపై న్యాయస్థానానికి వెళ్లారు. 1985 జులై 10న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పునిచ్చింది. జీవించే హక్కులో జీవనోపాధి హక్కు కూడా ఇమిడి ఉందని తేల్చింది. అదే తీర్పులో, నోటీసు ఇచ్చి ఫుట్‌పాత్‌లను ఖాళీ చేయించే అధికారం నగరపాలక సంస్థకు ఉందనీ పేర్కొంది. హక్కు దక్కింది గానీ నీడ దక్కలేదు.

అదే ఏడాది ఆనంద్ పట్వర్ధన్ ‘హమారా షహర్’ డాక్యుమెంటరీ వెలువడింది. నగరాన్ని కట్టిన కూలీలకు నగరంలోనే చోటు లేని వైనాన్ని అది చూపింది. తమ ఫొటోలు తీసుకుని పేరు తెచ్చుకోవడం తప్ప తమకు ఒరిగేదేమిటని గుడిసె కూలిన ఒక తల్లి దర్శకుడినే నిలదీస్తుంది. ఆ దృశ్యాన్ని పట్వర్ధన్ తొలగించలేదు. చిత్రంలోనే ఉంచారు. పేదల గురించి కళ సృష్టించే ప్రతివారూ జవాబు చెప్పుకోవలసిన ప్రశ్న అది. ఆ చిత్రానికి జాతీయ పురస్కారం లభించింది. 1986లో సంజయ్ గాంధీ నగర్ అనే బస్తీని కూల్చివేసినప్పుడు పట్వర్ధన్, నటి షబానా ఆజ్మీ బస్తీవాసులతో కలిసి నిరాహార దీక్షకు కూర్చున్నారు. ప్రత్యామ్నాయ స్థలం ఇచ్చేందుకు ప్రభుత్వం అంగీకరించాకే దీక్ష ముగిసింది.

వాళ్ల ఇంటి నమూనా వాళ్లదే

బొంబాయిలోనే మరో ప్రయత్నం నిశ్శబ్దంగా సాగింది. 1984లో ఏర్పాటైన స్పార్క్ సంస్థ బైకుల్లా ప్రాంతంలోని ఫుట్‌పాత్‌లపై ఉన్న సుమారు 6 వేల కుటుంబాల వివరాలు సేకరించి 1985లో ‘వి, ది ఇన్‌విజిబుల్’ పేరుతో నివేదిక వెలువరించింది. ‘మేము, కనిపించనివాళ్లం’ అని దాని అర్థం. పనిచేసే చోటికి నడిచి వెళ్లగలిగే దూరం కోసమే వారు ఫుట్‌పాత్‌పై ఉంటున్నారని వెల్లడైంది.

ఆ మహిళలే తర్వాత ‘మహిళా మిలన్’గా ఏర్పడ్డారు. తమకు ఎలాంటి ఇల్లు కావాలో తామే ఊహించి నిలువెత్తు నమూనాలు తయారుచేసి ప్రదర్శనగా పెట్టారు. 14 అడుగుల ఎత్తున్న గది, అందులో అటక. నేల తక్కువగా ఉన్నా ఎత్తు ఉంటే పడుకోవడానికి మరో చోటు దొరుకుతుందన్నది ఇరుకులో బతికిన ఆడవారి అనుభవజ్ఞానం. కాగితంపై గీత అర్థం కాని అధికారులకూ, ఇరుగుపొరుగువారికీ నమూనా లోపలికి వెళ్లి నిలబడగానే విషయం బోధపడింది. అప్పటి వరకు ఆక్రమణదారులుగా కనిపించినవారు ఇల్లు కట్టగల పౌరులుగా కనిపించారు. 1995 నాటికి మహారాష్ట్ర మురికివాడల పునరావాస విధానంలో ఫుట్‌పాత్ వాసులకూ చోటు లభించింది. మాన్‌ఖుర్ద్‌లో మిలన్ నగర్ పేరుతో వారి సొంత గృహ సముదాయం వెలిసింది.

ప్లాట్‌ఫారం నుంచి ఛాయాచిత్రకారుడి దాకా

1988లో మీరా నాయర్ తీసిన ‘సలాం బాంబే’ వీధి బాలలను వెండితెరకు తెచ్చింది. నటన అనుభవం లేని వీధి బాలలకే శిక్షణ ఇచ్చి పాత్రలు అప్పగించారు. కేన్స్ చిత్రోత్సవంలో ఆ చిత్రానికి కెమెరా డి ఓర్ పురస్కారం దక్కింది. కీర్తి వచ్చాక పిల్లల మాటేమిటన్న ప్రశ్న ఎదురైంది. దానికి జవాబుగా అదే ఏడాది సలాం బాలక్ ట్రస్టు ఏర్పడి, ఢిల్లీ రైల్వే స్టేషన్‌లో తలదాచుకునే పిల్లలకు ఆశ్రయం కల్పించే పని మొదలుపెట్టింది. అంతటి ఏర్పాటు ఉన్నా చిత్రంలోని ప్రధాన బాలనటుడు జాతీయ పురస్కారం పొందాక కూడా బెంగళూరులో ఆటో నడుపుకుని బతకవలసి వచ్చింది. తెరపై వెలుగు జీవితానికి పూచీ ఇవ్వదని ఇది గుర్తుచేస్తుంది.

అదే ట్రస్టు నీడలో పెరిగిన విక్కీ రాయ్ కథ మరో రకం. పశ్చిమ బెంగాల్‌లోని పురూలియా నుంచి 11 ఏళ్ల వయసులో ఇల్లు విడిచి ఢిల్లీ చేరిన ఆ బాలుడు రైల్వే స్టేషన్‌లో చిత్తు ఏరాడు, హోటల్‌లో గిన్నెలు కడిగాడు. ట్రస్టులో చేరాక కెమెరా పట్టడం నేర్చుకున్నాడు. 2007లో ‘స్ట్రీట్ డ్రీమ్’ పేరిట వీధి బాలల జీవితంపై తొలి ప్రదర్శన ఏర్పాటు చేశాడు. 2013లో ‘హోమ్ స్ట్రీట్ హోమ్’ అనే ఛాయాచిత్ర గ్రంథం వెలువడింది. తాను బతికిన బతుకునే చిత్రించినందున ఆ ఫొటోల్లోని పిల్లల్లో దైన్యం కన్నా ఆట, స్నేహం, తుంటరితనం ఎక్కువగా కనిపిస్తాయి. కెమెరా ఎవరి చేతిలో ఉందన్నదాన్ని బట్టి చిత్రం మారుతుందనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కర్లేదు.

ప్రేక్షకుడే పాత్రధారి

లండన్‌లో 1991లో ప్రారంభమైన ‘కార్డ్‌బోర్డ్ సిటిజన్స్’ నాటక బృందంలో ఇల్లు లేని జీవితాన్ని అనుభవించినవారు నటులుగా ఉంటారు. బ్రెజిల్‌కు చెందిన ఆగస్టో బోల్ రూపొందించిన ‘ఫోరం థియేటర్’ పద్ధతిని ఈ బృందం అనుసరించింది. నాటకాన్ని ఒకసారి చివరిదాకా ప్రదర్శించి, మళ్లీ మొదలుపెడతారు. రెండోసారి ప్రేక్షకుల్లో ఎవరైనా ‘ఆపండి’ అని లేచి, వేదికపైకి వచ్చి, ఆ పాత్ర తన చోట ఏం చేసి ఉండవచ్చో నటించి చూపవచ్చు. అద్దె కట్టలేనప్పుడు యజమానితో ఎలా మాట్లాడాలి, కార్యాలయంలో గుమాస్తా పొమ్మన్నప్పుడు ఏ హక్కును గుర్తుచేయాలి అన్నవి వేదికపైనే తేలతాయి. సానుభూతి కన్నా సమాచారం, సమాచారం కన్నా సాధన ఉపయోగమన్నది ఈ పద్ధతి మూలసూత్రం.

బొమ్మకు రక్షణ.. మనిషికి?

కళ ఆకర్షణలో ప్రమాదమూ ఉంది. 2019 డిసెంబరులో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో బ్యాంక్సీ అనే అజ్ఞాత చిత్రకారుడు ఒక వీధి బల్ల పక్క గోడపై రెండు దుప్పిబొమ్మలు గీశాడు. ఆ బల్లపై ఒక నిరాశ్రయుడు పడుకున్నప్పుడు తీసిన వీడియోలో, క్రిస్మస్ తాత బండిని దుప్పులు ఆకాశంలోకి లాక్కుపోతున్నట్లు కనిపిస్తుంది. ప్రపంచమంతా దాన్ని చూసింది. ఎవరో ఆ దుప్పులకు ఎర్రముక్కులు పూయడంతో బొమ్మ చెడిపోకుండా పారదర్శక ఫలకాన్ని అమర్చారు. గోడ మీది బొమ్మకు రక్షణ కవచం దొరికింది. బల్ల మీది మనిషికి కావలసినది కూడా అదే.

కెనడా శిల్పి తిమోతీ ష్మాల్జ్ 2013లో రూపొందించిన ‘హోమ్‌లెస్ జీసస్’ కంచు విగ్రహం దుప్పటి కప్పుకుని బల్లపై పడుకున్న మనిషిలా ఉంటుంది. పాదాలపై మేకుల గుర్తులు చూస్తే తప్ప అది క్రీస్తు అని తెలియదు. అమెరికాలోని డేవిడ్‌సన్ పట్టణంలో చర్చి ముందు దాన్ని ప్రతిష్ఠించినప్పుడు, ఎవరో నిరాశ్రయుడు పడుకున్నాడనుకుని ఒక మహిళ పోలీసులకు ఫోన్ చేశారు. శిల్పం అడగదలచిన ప్రశ్న అదే. దైవమే ఆ స్థితిలో ఎదురైనా మనం పిలిచేది పోలీసులనేనా?

తెలుగునాట దారి ఏది?

వీధిలోకి వెళ్లి చెప్పే కళ తెలుగువారికి కొత్త కాదు. 1943లో రూపుదిద్దుకున్న ప్రజానాట్యమండలి బుర్రకథను, వీధి నాటకాన్ని ప్రజా సమస్యలకు గొంతుకగా మలచింది. షేక్ నాజర్ వంటి కళాకారులు బుర్రకథను ఊరూరికీ తీసుకెళ్లారు. అక్షరాస్యత, ఎయిడ్స్ నివారణ వంటి అంశాలపై కళాజాతాలు తెలుగు జిల్లాలకు సుపరిచితమే. ఆ వేదికను నిరాశ్రయుల సమస్యకూ వినియోగించవచ్చు. అయితే జాలి పుట్టించే పాటతో సరిపెడితే ప్రయోజనం స్వల్పం. జనానికి తెలియని విషయాలు చెప్పగలగాలి.

చెప్పవలసినవి చాలానే ఉన్నాయి. ఆహార హక్కు కేసులో 2010 జనవరిలో సుప్రీంకోర్టు జారీచేసిన ఆదేశాల మేరకు, 5 లక్షలకు మించిన జనాభా ఉన్న నగరాల్లో ప్రతి లక్ష మందికి ఒకటి చొప్పున 24 గంటలూ తెరిచి ఉండే ఆశ్రయ కేంద్రం ఉండాలి. 2013లో ప్రారంభమైన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ మార్గదర్శకాలు ప్రతి లక్ష పట్టణ జనాభాకు కనీసం 100 మందికి చోటు, మనిషికి 50 చదరపు అడుగుల స్థలం, మంచినీరు, మరుగుదొడ్లు, పక్కబట్టలు ఉండాలని నిర్దేశించాయి. రైల్వే స్టేషన్లు, బస్టాండ్లు, టోకు మార్కెట్ల వంటి నిరాశ్రయులు గుమిగూడే చోట్లకు దగ్గరలోనే కేంద్రాలు ఉండాలన్నాయి. ఊరి చివర కట్టిన షెల్టర్‌కు తెల్లవారుజామునే కూలి అడ్డాకు చేరవలసిన మనిషి వెళ్లడు. తెలుగు రాష్ట్రాల్లో ఈ బాధ్యతను మెప్మా, పురపాలక సంస్థలు చూస్తూ వచ్చాయి.

ఇంటి చిరునామా లేకున్నా ఓటు హక్కు ఉంటుందన్న సంగతి కూడా చాలామందికి తెలియదు. నిరాశ్రయుడు దరఖాస్తు చేసినప్పుడు బూత్ స్థాయి అధికారి రాత్రి వేళ వెళ్లి, ఆ వ్యక్తి నిజంగా అక్కడే నిద్రిస్తున్నాడా లేదా అని ఒకటికి మించిన రాత్రులు పరిశీలించాలి. అది రుజువైతే నివాసానికి వేరే పత్రం అక్కర్లేదన్నది ఎన్నికల సంఘం నిబంధన. రాత్రిపూట టార్చిలైటుతో వచ్చే అధికారి, దుప్పటి తీసి పేరు చెప్పే మనిషి.. వీధి నాటకానికి ఇంతకంటే మంచి సన్నివేశం ఏముంటుంది?

పాటించవలసినవి ఇవే

నిరాశ్రయులపై కళా ప్రదర్శనలు తలపెట్టే విద్యార్థి బృందాలు, సాంస్కృతిక సంఘాలు కొన్ని జాగ్రత్తలు పాటిస్తే ప్రయత్నం ఫలిస్తుంది.

- నిద్రిస్తున్న మనిషి ఫొటోను అనుమతి లేకుండా తీయరాదు. ఇంటి తలుపు లేనంత మాత్రాన మనిషికి మరుగు అక్కర్లేదని కాదు. ముఖం వెల్లడైతే ఊళ్లో ఉన్న బంధువుల ముందు తల దించుకోవలసిన పరిస్థితి కొందరిది. వేధింపుల నుంచి పారిపోయి వచ్చిన మహిళలకైతే ప్రాణాపాయమే.
- కథ రాసేటప్పుడు, పాత్రలు పోషించేటప్పుడు ఇల్లు లేని జీవితం తెలిసినవారిని భాగస్వాములను చేయాలి. ప్రదర్శనపై ఆదాయం వస్తే వారికీ వాటా ఉండాలి.
- ప్రదర్శనను సభా మందిరానికే పరిమితం చేయకుండా బస్టాండు, రైల్వే స్టేషన్, పెద్దాస్పత్రి ఆవరణల్లోనూ ఏర్పాటు చేయాలి. దగ్గరలోని ఆశ్రయ కేంద్రం ఎక్కడుందో చివర్లో తప్పక ప్రకటించాలి.
- ఒక ప్రదర్శనకు ఒక కోరిక చాలు. ఫలానా కేంద్రంలో మహిళలకు వేరు గది కావాలనో, ఫలానా కూడలిలో కొత్త కేంద్రం తెరవాలనో స్పష్టంగా అడగాలి. చూసినవారి సంతకాలతో వినతిపత్రాన్ని పురపాలక కమిషనర్‌కు అందజేయాలి.

ఏటా అక్టోబరు 10న ప్రపంచ నిరాశ్రయుల దినోత్సవం వస్తుంది. ఆ ఒక్కరోజు గోడలపై బొమ్మలు వేసి మరచిపోతే ఏ మార్పూ రాదు. అసలు పరీక్ష జనగణనది. 2011 తర్వాత తదుపరి జనగణనకు 2027 మార్చి 1ని ఆధార తేదీగా కేంద్రం 2025 జూన్‌లో ప్రకటించింది. ఇల్లు లేనివారిని లెక్కించే రాత్రి గురించి వారికి ముందే తెలియజేయడానికి, పేరు చెప్పుకోవడానికి భయపడనక్కర్లేదని నచ్చజెప్పడానికి డప్పు, పాట, వీధి నాటకం కన్నా సులువైన సాధనం లేదు. ఆశ్రయ కేంద్రాలు ఎన్ని ఉండాలి, ఎక్కడ ఉండాలి అన్నది ఆ అంకెలతోనే ముడిపడి ఉంది. ఆ రాత్రి లెక్కలోకి వచ్చిన ప్రతి పేరూ, పురపాలక సంఘం అందించవలసిన ఒక పక్కబట్టకు పద్దు అవుతుంది.